మా కాలనీకి కెమెరాలు: ఐదు నెలలు, నాలుగు లక్షలు, ఒక బూజుకర్ర

మొదటి దొంగతనం 2024 ఆగస్టు 11, ఆదివారం రాత్రి. రెండోది అదే నెల 29న. మూడోది సెప్టెంబరు 14న, వినాయక మండపానికి రెండిళ్ల అవతల, కుర్రాళ్లు మండపంలో కాపలా పడుకున్న రాత్రే. మూడూ తాళం వేసిన ఇళ్లే. హైదరాబాద్ శివార్లలో మాది 214 ఇళ్ల కాలనీ. తొమ్మిది వీధులు, బయటికి నాలుగు దారులు, గేటు లేదు, చుట్టూ ప్రహరీ లేదు. అప్పటి నుంచి జనవరి 9న కెమెరాలు పనిచేయడం మొదలయ్యేదాకా అసోసియేషన్ తరఫున ఏమేం చేశామో, ఎక్కడెక్కడ బోల్తా పడ్డామో రాస్తున్నాను. ఇదే పని నెత్తికెత్తుకోబోయే వాళ్లకు పనికొస్తుంది.

ముందు తాళాల సంగతి. మూడిళ్లలోనూ తాళం చెక్కుచెదరలేదు. పన్నెండు వందలు పెట్టి కొన్న తాళం గొళ్లేనికి అలాగే వేలాడుతోంది. గొళ్లేన్ని చెక్కకు బిగించిన అరంగుళం స్క్రూలు మాత్రం ఊడి కింద పడ్డాయి. వడ్రంగిని పిలిచి, తలుపు అవతలి దాకా పోయే బోల్టులు వేయించి, లోపలివైపు నట్లు బిగించి, కొసలు సుత్తితో చదును చేయించాం. తలుపుకు రెండు వందల యాభై. ఈ ఐదు నెలల్లో పెట్టిన డబ్బులో రూపాయికి రూపాయి పని చేసింది ఇదే. కెమెరాల గురించి మాట్లాడినంత హుషారుగా దీని గురించి ఎవరూ మాట్లాడరు.

స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోవడానికి ఇబ్బంది పెట్టలేదు. భారతీయ న్యాయ సంహిత 331(4), 305 సెక్షన్ల కింద (రాత్రిపూట ఇంట్లోకి చొరబడడం, ఇంట్లో దొంగతనం) కేసు కట్టారు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి, ఇచ్చారు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు తెలియజేయాలని కొత్త చట్టంలో ఉంది. మొదటి కేసులో నవంబరు 8న ఫోనుకు సందేశం వచ్చింది, ‘దర్యాప్తు కొనసాగుతోంది’ అని. అంతకు మించి ఏమీ లేకపోయినా, ఆ ఒక్క వాక్యం కోసం ఇంటివాళ్లు ఎంత ఎదురుచూశారో దగ్గరుండి చూశాను. తప్పు చేసింది మేమే. రెండో ఇంట్లో దొంగతనం జరిగిందని తెలియగానే వీధి వీధంతా లోపలికి పోయి బీరువా చూసొచ్చింది. క్లూస్ టీమ్ పదకొండు గంటలకు వచ్చేసరికి ఆ బీరువా మీద కనీసం పద్నాలుగు మంది చేతులు పడ్డాయి. తలుపు దగ్గర కుర్చీ అడ్డం పెట్టి ఒక మనిషిని కూర్చోబెట్టి ఉంటే సరిపోయేది.

అప్పటి భయం గురించి ఒక మాట చెప్పాలి. కుక్క మొరిగితే నాలుగిళ్లలో లైట్లు వెలిగేవి. ఊరెళ్లాల్సిన వాళ్లు ప్రయాణాలు మానుకున్నారు. అందరి నోటా ముందుగా వచ్చింది పక్క సైటులో పనిచేస్తున్న కూలీల పేరు. ఆధారం గుండుసున్న. అయినా వారం రోజుల పాటు వాళ్ల పిల్లలు మా వీధిలోంచి బడికి పోవడానికి జంకారు. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

నిమజ్జనం బందోబస్తు అయ్యేదాకా స్టేషన్‌లో ఎవరూ దొరకలేదు. సెప్టెంబరు 22, ఆదివారం ఉదయం ఇన్‌స్పెక్టర్ గారు కాలనీకే వచ్చారు. ఆయన స్టేషన్ పరిధికంతా రాత్రిపూట ఒక పెట్రోలింగ్ వాహనం, రెండు బైకులు. ఉన్న మాట ఉన్నట్టే చెప్పి, కెమెరాలు పెట్టుకోండి అన్నారు. సభ భగ్గుమంది. ఇంటి పన్ను కడుతున్నాం, జీఎస్టీ కడుతున్నాం, మళ్లీ కాపలా కూడా మేమే కాసుకోవాలా అని ఒకరు లేచారు. సమాధానంగా ఆయన తన బీటు పుస్తకం తీసి, మా కాలనీ పాయింటు దగ్గర గత నెలన్నరలో పడిన సంతకాలు చూపించారు. ఇరవై రెండు. మూడు దొంగతనాల రాత్రుల్లోనూ సంతకాలున్నాయి. అంటే బైకు వచ్చింది, పోయింది, ఆ తర్వాత దొంగ వచ్చాడు.

ఆ రోజు గంటన్నర వాదన తర్వాత ఒక తెల్లకాగితం మీద మూడు గడులు గీశాం. పోలీసులది, మున్సిపాలిటీది, మాది. ఈ ప్రయాసంతటిలో అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది ఆ కాగితమే. పోలీసుల గడిలో: రాత్రికి రెండుసార్లు రావడం, ఒకే వేళకు కాకుండా వేళలు మార్చి రావడం, మేమిచ్చే తాళం వేసిన ఇళ్ల జాబితా ప్రకారం ఆ గేట్ల ముందు నుంచి పోవడం, అనుమానమున్న మనిషిని ప్రశ్నించడం. మున్సిపాలిటీ గడిలో: వీధి దీపాలు, ఖాళీ ప్లాట్లలో తుప్పలు. మా గడిలో: గొళ్లేలు, జాబితా, కెమెరాలు, వాచ్‌మన్ వివరాలు స్టేషన్‌లో ఇచ్చి తనిఖీ చేయించడం. ప్రతి పనికి ఎదురుగా ఒక పేరు, ఒక తేదీ. ‘అందరి బాధ్యత’ అని రాయబోతే ఇన్‌స్పెక్టర్ గారే వద్దన్నారు. అందరిదీ అంటే ఎవరిదీ కాదని ఆయనకు అనుభవం ఉన్నట్టుంది.

మరుసటి రాత్రే దీపాలు లెక్కపెట్టాం. 61 స్తంభాలకు 17 దీపాలు వెలగడం లేదు. మూడు దొంగతనాల్లో రెండు ఆ చీకటి పట్టీలోనే జరిగాయి. ఒట్టి ‘దీపాలు వెలగడం లేదు’ అని అర్జీ పెడితే ‘ఏ స్తంభం?’ అనే ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. అందుకే స్తంభాలన్నిటికీ తెల్లరంగుతో నంబర్లు వేసి, ఆ నంబర్లతో సెప్టెంబరు 25న మున్సిపాలిటీలో అర్జీ ఇచ్చి, రసీదు తీసుకున్నాం. రెండు వారాలకు 11 వెలిగాయి. మిగతా వాటికి లోపలి తీగ కాలిపోయిందన్నారు. ఆఖరిది, ఏడో వీధి మూలది, డిసెంబరు 7న వెలిగింది. 73 రోజులు. తుప్పల సంగతి ఇంకా ఆలస్యం. ప్లాటు యజమానులు ఎక్కడో ఉంటారు, నోటీసు తిరుగుటపాలో వస్తుంది. చివరికి మేమే జేసీబీ గంటల లెక్కన మాట్లాడి కొట్టించి, యజమానులకు రసీదు పంపాం. ముగ్గురు ఇచ్చారు, ఇద్దరు ఫోనెత్తలేదు.

ఈలోగా సెప్టెంబరు 28 నుంచి మావాళ్లు రాత్రి గస్తీ మొదలుపెట్టారు. పదకొండు నుంచి నాలుగు దాకా. మొదటి వారం పన్నెండు మంది, టీ ఫ్లాస్కులు, టార్చిలైట్లు, కబుర్లు. మూడో వారానికి ముగ్గురు. పొద్దున ఆఫీసుకు పోవాల్సిన వాళ్లు ఎన్నాళ్లు చేస్తారు? గస్తీ ఆగిపోవడానికి కారణం మాత్రం నిద్ర కాదు. అక్టోబరు 19 రాత్రి రెండు గంటలప్పుడు ఒక కుర్రాడిని ఆపారు. “అన్నా, ఫంక్షన్ హాల్లో వడ్డన చేసి వస్తున్నా” అని అతను చెబుతూనే ఉన్నాడు. సంచిలో గిన్నె ఉంది, గిన్నెలో అన్నం ఉంది. అయినా పది నిమిషాల్లో ఇరవై మంది పోగయ్యారు. ఒకరు కర్ర పట్టుకొచ్చారు, ఇంకొకరు ఫొటో తీసి ‘దొంగ దొరికాడు’ అని గ్రూపులో పెట్టారు. డయల్ 100కు ఫోన్ చేసే బుద్ధి ఒక్కరికి పుట్టబట్టి బతికిపోయాం. పెట్రోలింగ్ బండి తొమ్మిది నిమిషాల్లో వచ్చింది. కుర్రాడిని ఇంటి దగ్గర దింపి, మా ముగ్గురిని పొద్దున స్టేషన్‌కు రమ్మన్నారు.

“ఆపారు సరే, ఏ హక్కుతో ఆపారు?” అని అడిగారు ఇన్‌స్పెక్టర్ గారు. కళ్లెదుట హక్కుగా బెయిలు దొరకని, పోలీసులు వారంటు లేకుండా పట్టుకోగల నేరం జరిగితేనో, ప్రకటిత నేరస్తుడైతేనో (పరారీలో ఉన్నాడని కోర్టు ప్రకటించినవాడు) తప్ప మామూలు మనిషి ఇంకో మనిషిని నిర్బంధించకూడదు. అప్పుడైనా ఆలస్యం చేయకుండా, ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. భారతీయ నాగరిక సురక్షా సంహిత 40వ సెక్షన్ చెప్పేది ఇదే. రోడ్డు మీద నడుస్తున్నాడన్నది ఏ నేరమూ కాదు. ఆ కుర్రాడి ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పాం. ఫొటో తీసేయించాం కానీ అది అప్పటికే ఎన్ని గ్రూపులు తిరిగిందో లెక్క లేదు. కాగితానికి ఆ రోజు నాలుగో గడి చేరింది: మేం చేయకూడనివి. ఆపడం, సంచి వెతకడం, ఫొటో పెట్టడం, చెయ్యి ఎత్తడం.

వాలంటీర్లకు చొక్కాలు, గుర్తింపు కార్డులు ఇద్దామన్న ప్రతిపాదన కూడా అక్కడే ఆగింది. తమిళనాడులో 1993లో రామనాథపురం జిల్లాలో మొదలైన ‘ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్’ మంచి పేరే తెచ్చుకుంది. 2020 జూన్‌లో సాత్తాన్‌కుళంలో తండ్రీకొడుకులు కస్టడీలో చనిపోయాక, ఆ వాలంటీర్ల మీద కూడా ఆరోపణలు రావడంతో జులైలో అక్కడి ప్రభుత్వం నిషేధించింది. మెడలో కార్డు పడితే మనిషి నడక మారుతుంది. అర్ధరాత్రి కర్ర పట్టుకొచ్చినాయనకు కార్డు కూడా ఉండి ఉంటే ఏమయ్యేదో తలచుకోవడానికే ఇష్టం లేదు.

ఇక కెమెరాలు. ముందు ఉచితంగా దొరికేవి చూసుకోండి. తెలంగాణలో ప్రజా భద్రత చట్టం 2013 నుంచి ఉంది. ఒకేసారి వంద మంది, లేదా రోజుకు ఐదు వందల మంది పోగయ్యే వాణిజ్య, విద్యా, మత సంస్థలు కెమెరాలు పెట్టి 30 రోజుల రికార్డింగు ఉంచాలి. మా మొదటి దారి మొగలో ఫంక్షన్ హాలు, మూడో దారి మొగలో సూపర్ మార్కెట్ ఉన్నాయి. స్టేషన్ నుంచి చెప్పిస్తే ఇద్దరూ ఒక్కో కెమెరాను రోడ్డు వైపు తిప్పారు. మాకు పైసా ఖర్చు లేదు.

మూడు కొటేషన్లు తీసుకున్నాం. అన్నిటికంటే తక్కువది 2,95,000. అందులో 16 కెమెరాలకు 4 టీబీ హార్డ్‌డిస్కు ఒక్కటే రాశారు. 4 మెగాపిక్సెల్ కెమెరాను 2 ఎంబీపీఎస్ (సెకనుకు 2 మెగాబిట్ల రికార్డింగు) దగ్గర పెడితే రోజుకు 21.6 జీబీ తింటుంది. పదహారింటికి దాదాపు 346 జీబీ. అంటే 4 టీబీ పదకొండున్నర రోజులకు నిండి, పాతది చెరిగిపోతుంది. ఊరెళ్లిన వాళ్లు పదిహేను రోజులకు తిరిగొచ్చి చూసుకుంటే చూపించడానికి ఏమీ ఉండదు. 30 రోజులకు 6 టీబీవి రెండు కావాలి, అదీ సీసీటీవీ కోసం చేసిన రకం. కంప్యూటర్‌లో వేసేవి రాత్రింబవళ్లు రాతకు తట్టుకోవు.

తీసుకున్న కొటేషన్ వివరం: మామూలు కెమెరాలు 14, ఒక్కోటి 4,200. నంబర్ ప్లేట్ల కోసం 2, ఒక్కోటి 18,500. రికార్డర్ 12,000. డిస్కులు 31,000. ఫైబర్ కేబుల్ 900 మీటర్లు, మీటరు 32. నెట్‌వర్క్ స్విచ్‌లు ఐదు, 32,500. ఇనప స్తంభాలు ఎనిమిది, ఒక్కోటి 7,500. వానకు తడవని పెట్టెలు ఐదు, 16,000. ఇన్వర్టరు, 150 ఏహెచ్ బ్యాటరీ 24,000. కూలి 45,000. మొత్తం 3,45,100. చేతులు కలిపాక చెప్పారు, జీఎస్టీ 18 శాతం వేరని. అది 62,118. కలిపి 4,07,218. ‘పన్నులతో సహా’ అన్న రెండు ముక్కలు కొటేషన్‌లో రాయించుకోకపోతే ఇలాగే అవుతుంది.

ఇంటికి రెండు వేలు అనుకున్నాం. అక్టోబరు 6 నుంచి నవంబరు 30 దాకా తిరిగితే 163 ఇళ్లు ఇచ్చాయి: 3,26,000. అద్దెకున్న వాళ్లు ఓనర్‌ను అడగమంటారు, ఓనరు అద్దెకున్న వాళ్లను అడగమంటాడు. ఊహించనిది ఖాళీ ప్లాట్ల వాళ్ల నుంచి. దొంగలు ఎత్తుకుపోయేదేమీ లేని ఆ 22 మంది మారుమాట లేకుండా 44,000 పంపారు, ప్లాటు మీద కన్ను ఉంటుందని. మిగిలిన 37,218 అసోసియేషన్ ఖాతాలోంచి తీశాం. ఇవ్వని ఇళ్ల ముందు కెమెరా వద్దని కొందరు పట్టుబట్టారు. దొంగ పక్కింటి గోడ దూకే వస్తాడని చెప్పి ఒప్పించడానికి రెండు మీటింగులు పట్టింది.

కరెంటు స్తంభాలకు కట్టుకుందామని నవంబరు 4న దరఖాస్తు పెడితే 22న కాదన్నారు. అందుకే సొంత స్తంభాలు. పని డిసెంబరు 16న మొదలైంది. పది రోజులన్నారు, ఇరవై నాలుగు పట్టింది.

ఎత్తు దగ్గర మొదటి గొడవ. ఇన్‌స్టాలర్ ఆరు మీటర్ల ఎత్తున పెడతానంటాడు, ఎవరూ చెయ్యి పెట్టలేరని. ఆ ఎత్తు నుంచి కనబడేది నడినెత్తి, టోపీ. మొహం కావాలంటే మూడు, మూడున్నర మీటర్లు. లెన్సు ఇంకా ముఖ్యం. తెలియని మనిషిని గుర్తుపట్టాలంటే బొమ్మలో మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు పడాలన్నది ప్రమాణం. 2.8 మిల్లీమీటర్ల లెన్సు వీధంతా చూపిస్తుంది, కానీ నాలుగైదు మీటర్లు దాటితే ఆ లెక్క అందదు. 6 మిల్లీమీటర్లదైతే దాదాపు పదకొండు మీటర్ల దాకా అందుతుంది. దారుల దగ్గర 6, మలుపుల దగ్గర 2.8 పెట్టించాం. రాగి ఈథర్నెట్ కేబుల్ వంద మీటర్లు దాటితే నమ్మడానికి లేదు. అందుకే పొడవు వీధులకు ఫైబర్. కెమెరాలు, స్విచ్‌లు, రికార్డరు కలిపి 180 వాట్ల దాకా లాగుతాయి. ఆ బ్యాటరీ మీద ఆరేడు గంటలు నడుస్తాయి. కొందరు ఇంట్లో కంప్యూటర్‌కు పెట్టుకునే చిన్న యూపీఎస్ చాలన్నారు. అది పావుగంట నిలవదు.

ఐదో వీధి కెమెరా ఒక ఇంటి వరండాలోకి సూటిగా చూస్తోంది. ఆ ఇంటి పెద్దావిడ వచ్చి, “నేను బట్టలారేసుకునేది కూడా మీరు చూడాలా బాబూ?” అని అడిగేదాకా మాకెవరికీ తట్టలేదు. రికార్డర్‌లోనే ఆ భాగం మీద నల్లపట్టీ వేసే వీలుంది, ఐదు నిమిషాల పని. ఫోన్లో లైవ్ చూసే సదుపాయం మొదట తొమ్మిది మందికి ఇచ్చాం. నాలుగో రోజే ఫలానా ఇంటమ్మాయి ఎన్నింటికి వచ్చిందో స్క్రీన్‌షాట్ గ్రూపులోకి వచ్చింది. ఆ రాత్రే పాస్‌వర్డ్ మార్చాం. ఇప్పుడు ఇద్దరికే ఉంది. పాత రికార్డింగు చూడాలంటే తేదీ, కారణం, పేరు రిజిస్టర్‌లో రాయాలి.

సంక్రాంతికి 71 ఇళ్లకు తాళాలు పడ్డాయి. ఇంటి నంబరు, వెళ్లే తేదీ, వచ్చే తేదీ, దగ్గర బంధువు ఫోను, అంతే. ఆ జాబితా గ్రూపులో పెట్టలేదు, కాగితం మీద రాసి స్టేషన్‌లో ఇచ్చాం. ఏ ఇళ్లు ఖాళీయో రెండు వందల ఫోన్లకు మనమే చాటింపు వేస్తే ఇక దొంగకు రెక్కీతో పనేముంది? పండగ వారం ఏమీ జరగలేదు. కెమెరాల వల్లా, దీపాల వల్లా, బీటు వేళలు మార్చడం వల్లా, లేక మా వంతు ఈసారి రాలేదా, నేను తేల్చి చెప్పలేను.

ఫిబ్రవరి 6న ఒక బైకు పోయింది. అసలు పరీక్ష అప్పుడు. మూడో దారిలోంచి పోయాడని మా కెమెరాలో ఉంది. కానీ హెడ్‌లైటు వెలుగుకు నంబర్ ప్లేటు చోట తెల్లటి ముద్ద. ప్లేటు కెమెరాలు రెండూ ఒకటో, రెండో దారుల్లో పెట్టాం మరి. వెంట వచ్చిన రెండో బండి ప్లేటు దొరికింది సూపర్ మార్కెట్ వాళ్ల కెమెరాలో, పక్కనుంచి, వాళ్ల బోర్డు వెలుగులో. పైగా మా రికార్డర్ గడియారం పదకొండు నిమిషాలు ముందుంది. నెట్‌తో సమయం సరిచూసుకునే సెట్టింగు ఎవరూ ఆన్ చేయలేదు. ఆ తేడాను పంచనామాలో రాయించుకోవాల్సి వచ్చింది.

తెర మీద ఆడుతున్న దృశ్యాన్ని ఫోన్‌తో తీసి పంపితే వెతకడానికి పనికొస్తుంది, కోర్టులో చిక్కొస్తుంది. కొత్త పెన్‌డ్రైవ్‌లోకి రికార్డర్ నుంచే కాపీ తీయాలి. దానికి భారతీయ సాక్ష్య అధినియమ్ 63(4) కింద సర్టిఫికెట్ కావాలి. మొదటి భాగం మీద పరికరం ఎవరి చేతిలో ఉందో వాళ్లు, రెండో భాగం మీద నిపుణుడు సంతకం చేస్తారు. ఫైలు హ్యాష్ విలువ (ఫైలులో ఏమీ మారలేదని చూపే గుర్తు సంఖ్య) రాయాలి. రికార్డర్ తయారీ, మోడల్, సీరియల్ నంబరు కూడా అడుగుతారు. ఆ నంబరు రికార్డర్ అడుగున ఉంటుంది. అదేమో ఇనప పెట్టెలో స్క్రూలతో బిగించి ఉంది. విప్పడానికి నలభై నిమిషాలు. బిగించకముందే ఫొటో తీసి పెట్టుకోండి. బైకు 19 రోజులకు, ఫిబ్రవరి 25న దొరికింది. ఆగస్టు నాటి నగలు మాత్రం దొరకలేదు.

ఒక ప్లేటు కెమెరాను ఇప్పుడు మూడో దారికి మార్చాం. షట్టర్ వేగం సెకనులో ఐదు వందో వంతుకు పెంచి, ఎదురుగా కాకుండా పక్కకు ముప్పై డిగ్రీలలోపు ఉండేలా తిప్పాం. ప్లేట్లు చదవడానికి వస్తున్నాయి. ఇంకా తీరని బెడద సాలీళ్లు. రాత్రి కెమెరా చుట్టూ వెలిగే ఇన్‌ఫ్రారెడ్ దీపాలకు పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు లెన్సు మీదే గూడు కడుతుంది. తెల్లారి చూస్తే బొమ్మంతా దూదిపింజ. కంపెనీ మెయింటెనెన్స్ ఒప్పందం ఏడాదికి 32,000 అడుగుతోంది, అందులో బూజు దులపడం లేదు. అందుకని ఇంటికో ఆదివారం వంతు వేసుకున్నాం. పొడవాటి బూజుకర్ర, మెత్తటి గుడ్డ, రిజిస్టరు. పదహారు కెమెరాలు తుడిచి, ప్రతిదాని పక్కన టిక్కు పెట్టి, గడియారం టైము చూసి రాయాలి. ఈ ఆదివారం 118వ నంబరు ఇంటివాళ్ల వంతు. రిజిస్టరు వాళ్లకు అందింది. బూజుకర్ర ఇంకా నాలుగో వీధిలోనే ఉంది, ఎవరి గేటు వెనకాలో.